మొలకను హరించు మత్తు

దొంగతనము రెండు విధములు. ఉన్నదానిని ఎత్తుకొనిపోవుట ఒకటి. రాబోవుదానిని రానీయకుండుట రెండవది. గాదెలోని ధాన్యము పోయినచో యజమాని మరునాడే గుర్తించును, కేకలు వేయును, ఊరిని మేల్కొల్పును. నారుమడిలో మొలక మాడిపోయినచో ఆ లోటు పంటకాలమునగాని బయటపడదు. మొదటి దొంగకు శిక్ష పడును. రెండవ దొంగను దొంగయని కూడ ఎవరును పిలువరు.

మద్యపానము చేయు కీడులలో మొదటి విధమైనది లోకమునకు తెలిసినదే. కాలేయము చెడుట, సంసారము చితికిపోవుట, పరువు మంటగలియుట పల్లెపల్లెను కనబడు దృశ్యములు. రెండవ విధమైన కీడు కంటికి కనబడదు. పెరిగిన మెదడులో సైతము క్రొత్తగ పుట్టవలసిన నాడీకణములను మద్యము మొలకదశలోనే అణచివేయుచున్నదని గత కొన్ని దశాబ్దముల పరిశోధన తెలుపుచున్నది. ఇందుండి ఒక ధర్మప్రశ్న పుట్టుచున్నది. ఇంకను పుట్టనిదానిని పోగొట్టుకొనుట నష్టమగునా? అనుభవించువానికే తెలియని నష్టమునకు అతడు బాధ్యుడగునా?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు శాస్త్రజ్ఞులు కనుగొన్నదేమో, ఎంతవరకు కనుగొనిరో తెలిసికొనుట అవసరము.

స్థావరమనుకొన్నది జంగమమైనది

మెదడు విషయమున వైద్యలోకము చాలకాలము ఒకే నిశ్చయముతో నుండెను. స్పెయిన్ దేశపు మహాశాస్త్రజ్ఞుడు శాంటియాగో రామోన్ ఇ కహాల్ నాడీమండల నిర్మాణమును వెల్లడించి 1906లో నోబెల్ బహుమానము నందెను. పెరిగి పెద్దవాడైన మానవుని మెదడులో నాడీమార్గములు స్థిరపడిపోవుననియు, అందు నశించునదే కాని క్రొత్తగ పుట్టునది లేదనియు ఆయన వ్రాసెను. చర్మము మారును, రక్తము మారును, విరిగిన యెముక అతుకుకొనును. మెదడు మాత్రము ఒకసారి కట్టి విడిచిన రాతిగుడి వంటిదని అర్ధశతాబ్దము పాటు వైద్యవిద్యార్థులు చదువుకొనిరి.

ఆ నమ్మకమును మొదట కదలించినవాడు అమెరికాలో పనిచేసిన జోసెఫ్ ఆల్ట్‌మన్. విభజన చెందబోవు కణములలోనికి మాత్రమే చేరు రేడియోధార్మిక పదార్థమును ఎలుకలకిచ్చి, పెరిగిన జంతువు మెదడులో సైతము క్రొత్త కణములు పుట్టుచుండవచ్చునని ఆయన 1962లో సూచించెను. 1965లో గోపాల్ దాస్‌తో కలిసి ఆ కణములు పుట్టు తావును స్పష్టముగ చూపెను. ఆ తావు పేరు హిప్పోకాంపస్. సముద్రపు గుఱ్ఱమను చేప ఆకారమున నుండుటచే దానికా పేరు వచ్చినది. కణతల లోపలి భాగమున, మెదడు లోతున, ఇరుప్రక్కల నొక్కొక్కటి చొప్పున ఇది యుండును. నేడు జరిగినదానిని రేపటికి జ్ఞాపకముగ నిలుపుట, క్రొత్త దారిని గుర్తుంచుకొనుట దీని ముఖ్యమైన పనులు.

ఆల్ట్‌మన్ మాటను విశ్వసించినవారు ఆ దినములలో స్వల్పము. 1977లో మైకేల్ కాప్లన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో అట్టి కణములను చూపినను సంశయము తీరలేదు. 1980 దశకమున ఫెర్నాండో నాటెబామ్ పాటపాడు కెనరీ పక్షుల మెదడులో క్రొత్త నాడీకణములు పుట్టుట నిరూపించిన పిదప గాలి మారసాగెను. 1998లో పీటర్ ఎరిక్‌సన్, ఫ్రెడ్ గేజ్ మొదలగువారు మానవునిలోను ఇది జరుగుచున్నదని ప్రకటించిరి. చికిత్సా సందర్భమున కొందరు క్యాన్సరు రోగులకు కణవిభజనను గుర్తించు పదార్థమొకటి ఇయ్యబడి యుండెను. వారు మరణించిన పిదప మెదడును పరీక్షింపగా, ఆ గుర్తుగల నాడీకణములు హిప్పోకాంపస్‌లో కనబడెను.

2013లో స్వీడన్ దేశపు యోనాస్ ఫ్రిసేన్ బృందము మరియొక మార్గమున లెక్క కట్టెను. 1950, 1960 దశకములలో జరిగిన అణ్వాయుధ పరీక్షల వలన గాలిలో కార్బన్-14 అను పదార్థము పెరిగి, పిదప క్రమముగ తగ్గినది. కణము పుట్టిన యేట గాలిలో ఆ పదార్థమెంత కలదో దాని గుర్తు కణము లోపల నిలిచిపోవును. ఆ గుర్తును బట్టి కణముల వయస్సు కట్టి, పెద్దవారిలో ప్రతి వైపు హిప్పోకాంపస్‌లోను దినమునకు సుమారు 700 నాడీకణములు క్రొత్తగ చేరుచున్నవని వారు తేల్చిరి.

ఈ కథ ఇంతటితో ముగియలేదు. 2018లో కాలిఫోర్నియాకు చెందిన శాస్త్రజ్ఞులు బాల్యము దాటిన పిదప మానవ మెదడులో ఇట్టి కణములు తమకు కనబడలేదని ప్రకటించిరి. మరు సంవత్సరమే మాడ్రిడ్ నగరపు శాస్త్రజ్ఞులు 80 యేండ్లు దాటిన వారిలోను వేలకొలది లేతకణములు కలవని చూపిరి. 2025లో ఫ్రిసేన్ బృందము పెద్దల మెదడులో విభజన చెందుచున్న మాతృకణములనే గుర్తించితిమని తెలిపెను. ఎలుకల విషయమున సందేహము లేదు. మానవునిలో ఎన్ని పుట్టుచున్నవి, ఏ వయస్సువరకు పుట్టుచున్నవి అను లెక్కపై వాదము మాత్రము సాగుచునే యున్నది. ధర్మమును బోధించువారు ఈ సంగతిని దాచి చెప్పరాదు.

శరణ సంప్రదాయమెరిగిన పాఠకునకు ఇచ్చట ఒక తలంపు కలుగక మానదు. కట్టి నిలిపిన గుడి స్థావరము. కదలు దేహము జంగమము. రాతిగుడి కట్టింపలేని పేదవానికి అతని దేహమే దేవాలయమని బసవేశ్వరుడు ధైర్యము చెప్పెను. ఆ దేహాలయమునకు శిఖరమైన శిరస్సులోని మెదడును శాస్త్రము చాలకాలము స్థావరమనుకొన్నది. కడకు అదియు జంగమమని తెలిసికొన్నది. ఇంతమాత్రముచే 12వ శతాబ్దపు శరణులు కణశాస్త్రమును ముందే చెప్పిరనుట భక్తి కాదు, అతిశయోక్తి. వారు చెప్పినది వేరు. దేహము ఆలయమైనచో, దానిలో నిత్యము జరుగు నిర్మాణమును ఆపువాడు ఆలయమునకు ద్రోహియగును. ఈ న్యాయము కణముల లెక్క తెలియకముందును నిలిచినది, తెలిసిన పిదపను నిలుచును.

నారుమడిపై పడు నిప్పు

క్రొత్త నాడీకణము పుట్టుట ఒక్క క్షణమున జరుగు పని కాదు. మొదట మూలకణము విభజన చెందును. అందుండి పుట్టిన పిల్లకణములలో పెక్కు కొద్ది వారములలోనే నశించును. మిగిలినవి మెల్లమెల్లగ కొమ్మలు సాచి, ప్రక్కనున్న కణములతో చేయి కలిపి, ఎలుకలలో ఒకటి రెండు మాసములకు మెదడు పనిలో పాల్గొనును. ఒకదానినొకటి పోలిన రెండు సంగతులను వేరువేరుగ గుర్తించుట, క్రొత్త విద్య నేర్చుట, కష్టము వచ్చినపుడు మనస్సు కుదుటపడుట – ఈ పనులలో లేతకణములకు పాత్ర కలదని జంతువులపై జరిగిన ప్రయోగములు చెప్పుచున్నవి.

ఈ నారుమడిపై మద్యము మూడు చోట్ల దెబ్బ తీయుచున్నది. మొదటిది విత్తుపై. 2002లో ఉత్తర కరొలినాకు చెందిన కింబర్లీ నిక్సన్, ఫుల్టన్ క్రూస్ ఎలుకలకు నాలుగు దినములు మద్యమును విస్తారముగ ఇచ్చి చూడగా కణవిభజన బాగుగ తగ్గిపోయెను. రెండవది కొమ్మలపై. చిరకాలము మద్యమునకు లోబడిన ఎలుకలలో క్రొత్తగ పుట్టిన కణములు సరిగ కొమ్మలు సాచలేకపోయెనని 2005లో అదే పరిశోధకుల బృందము తెలిపెను. మూడవది మనుగడపై. పుట్టిన కణములలో బ్రతికి బట్టకట్టునవి తగ్గిపోవుచున్నవి.

"అది విపరీతముగ త్రాగినవాని గతి, మితముగ త్రాగినచో నేమి?" అని అడుగువారు కలరు. 2012లో రట్గర్స్ విశ్వవిద్యాలయమున జరిగిన ప్రయోగము వీరికొరకే జరిగినట్లున్నది. అమెరికాలో పలు రాష్ట్రములు వాహనము నడుపుటకు హద్దుగ పెట్టుకొన్న పరిమాణము రక్తమున 0.08 శాతము. రక్తములో మద్యము ఆ దరిదాపులకు మాత్రమే చేరునట్లు ఎలుకలకు రెండు వారములు ఇచ్చి చూచిరి. హిప్పోకాంపస్‌లో క్రొత్త కణములు సుమారు 40 శాతము తగ్గెను. ఇందులో మిక్కిలి గమనింపదగిన విషయము వేరొకటి కలదు. ఆ ఎలుకల నడకలో తేడా లేదు. అప్పటికప్పుడు నేర్చుకొను పనిలోను తేడా కనబడలేదు. లోపల నారు మాడిపోవుచుండగా వెలుపల పొలము పచ్చగనే యున్నది. "నాకేమియు కాలేదు" అను మాట సాక్ష్యముగ పనికిరాదనుటకు ఇంతకంటె దృష్టాంతమేల?

లేతవయస్సు విషయము మరింత భయంకరము. 2010లో ప్రకటితమైన ఒక పరిశోధనలో యౌవనారంభమున నున్న కోతులకు 11 మాసములు దినమునకు ఒక గంటసేపు మద్యమును అందుబాటులో నుంచిరి. పిదప రెండు మాసములు పూర్తిగ మాన్పించినను వాటి హిప్పోకాంపస్‌లో క్రొత్త కణముల లోటు తీరలేదు. ఇక మానవుని మాట. 2018లో స్వీడన్ పరిశోధకులు మద్యవ్యసనపరుల మెదడులను మరణానంతరము పరీక్షించి, విభజన చెందు కణములు, మూలకణములు, లేత నాడీకణములు మూడును తక్కువగ నున్నట్లు కనుగొనిరి.

ఈ జ్ఞానములో అధికభాగము మూగజీవుల ప్రాణములతో కొనబడినదను సంగతి దయను ధర్మమునకు మూలముగ నమ్మువారు మరువరానిది. అంత వెలయిచ్చి తెచ్చిన మాటను విని కూడ పెడచెవిని పెట్టుట ఋణముపై ఋణము చేయుటయే.

ఎవరి సొత్తు ఎవరు త్రాగుచున్నారు?

ఇక ధర్మప్రశ్న. త్రాగువాడు సాధారణముగ చెప్పు మాట యొకటి కలదు: "నా దేహము, నా కష్టార్జితము, చెడినచో చెడునది నేనే, ఇతరులకేల?" ఇల్లాలి కన్నీరును, బిడ్డల ఆకలిని చూపి ఈ మాటను ఖండించుట సులభము. కాని భార్యాబిడ్డలు లేనివాడు, అప్పు చేయనివాడు, రాత్రి ఒంటరిగ త్రాగి ఉదయము పనికి పోవువాడు ఈ మాటయే పలికినచో? అతనికి చెప్పవలసిన సమాధానమేది?

మైనరు బిడ్డ ఆస్తికి సంరక్షకుడుగ నున్నవాడు ఆ ఆస్తిని తినివేసినచో లోకము అతనిని ద్రోహియని పిలుచును. బిడ్డకు ఆ సంగతి తెలియదనియు, తెలియనందున బాధపడలేదనియు వాదించినచో ఎవరును అంగీకరింపరు. తెలియకపోవుటయే ఆ ద్రోహమును మరింత నీచము చేయుచున్నది. నేడు గ్లాసు పట్టుకొన్నవాడు రేపటి తనకు అట్టి సంరక్షకుడు. మూడు మాసముల పిదప ఒక క్రొత్త పనిని నేర్వవలసిన తాను, మనుమని ముద్దుమాటలను గుర్తుంచుకొనవలసిన తాను, కోపము వచ్చినపుడు తమాయించుకొనవలసిన తాను – ఆ మనుష్యుడు ఇంకను రాలేదు. త్రాగుటకు అతని అనుమతిని ఎవరును అడుగలేదు. కావున "చెడునది నేనే" అను మాటలోని "నేను" ఇద్దరు. సుఖపడువాడొకడు, చెల్లించువాడొకడు.

వీరశైవుని విషయమున ఈ న్యాయము మరియొక మెట్టు పైకి పోవును. తనువు గురువునకు, మనస్సు లింగమునకు, ధనము జంగమమునకు సమర్పించుట త్రివిధ దాసోహము. దీక్షనాడే సమర్పించినదానిని "నాది" యనుట ఎట్లు పొసగును? మద్యము ఈ మూటిని ఒకేసారి అపహరించుచున్నది. తనువును కృశింపజేయును, మనస్సును మరపించును, ధనమును దుకాణమునకు తరలించును. మరియు ఇష్టలింగమునకు అర్పింపక ఏదియు స్వీకరింపరాదను నియమము కలదు. అర్పించినది ప్రసాదమగును, ప్రసాదము తెలివిని పెంచును. అరచేతిలోని లింగమునకు చూపుటకు సిగ్గుపడు వస్తువు కంఠము దిగుటకు అర్హమా యని తన్నుతాను ప్రశ్నించుకొన్నచో చాలును. పెద్ద గ్రంథములు అక్కరలేదు.

ఈ మాటపై కొన్ని ఆక్షేపణలు రాగలవు. మానవునిలో క్రొత్త కణముల సంఖ్యపై శాస్త్రజ్ఞులే ఏకాభిప్రాయమునకు రానపుడు ఈ బోధ నిలుచునా యని మొదటి ఆక్షేపణ. మద్యనిషేధ ధర్మము ఈ ఒక్క స్తంభముపై నిలిచినది కాదు. దీర్ఘకాల మద్యపానమున థయామిన్ అను విటమిను లోపించి, జ్ఞాపకశక్తి దారుణముగ నశించుట 1880 దశకముననే జర్మనీలో కార్ల్ వెర్నికె, రష్యాలో సెర్గెయ్ కోర్సకోవ్ వర్ణించిన వ్యాధులలో కనబడినది. మద్యపానము క్యాన్సరునకు కారణమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లో నిర్ణయించెను. ఆరోగ్యమునకు హానిలేని మద్య పరిమాణము లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించెను. కణముల లెక్కలో సందేహమున్నదనుట నిజమే. కాని సందేహమున్నచోట సంరక్షకుడు బిడ్డ ఆస్తిని జూదమున ఒడ్డడు.

రెండవ ఆక్షేపణ మరింత చతురమైనది. "మానినచో కణములు మరల పుట్టునట కదా! ఇప్పుడు త్రాగి, వయస్సు మళ్ళిన పిదప మానెదను" అనువారు కలరు. మరల పుట్టునవి వేరు కణములు; పోయినవి రావు. తప్పిన కార్తెలో విత్తనము వేయలేదని చింతించు రైతు వచ్చే సంవత్సరపు వానను చూచి సంతోషించును కాని, పోయిన సంవత్సరపు పంటను ఇంటికి తెచ్చుకొనలేడు. అంతేకాదు, మానుటకు సంకల్పము పుట్టవలసినదియు ఆ మెదడులోనే. తాళపుచెవిని నూతిలో పడవేయుచు, ముసలితనమున తలుపు తెరచెదననుట వివేకము కాదు.

అసహ్యము ఆచారము కాదు

మూడవ ఆక్షేపణ త్రాగువానినుండి రాదు, త్రాగనివారినుండి వచ్చును. "వాడు ఇరువది యేండ్లుగ త్రాగుచున్నాడు, వాని మెదడు ఎప్పుడో పోయినది, వానితో మాటలేల?" అని సదాచారపరుడు ముఖము త్రిప్పుకొనును. ఈ మాట పలుకునపుడు అతడు ధర్మపక్షమున నున్నాననుకొనును. కాని పూర్వపు శాస్త్రము చేసిన పొరపాటునే అతడును చేయుచున్నాడు. ఎదుటివానిని స్థావరమనుకొనుచున్నాడు.

నిక్సన్, క్రూస్ 2004లో ప్రకటించిన ఫలితము ఇచ్చట ప్రతియొక్కరును ఎరుగవలసినది. నాలుగు దినములు మద్యము పట్టించిన ఎలుకలకు దానిని ఆపివేసి చూడగా, ఏడవ దినము నాటికి హిప్పోకాంపస్‌లో కణవిభజన ఒక్కసారిగ ఉప్పొంగెను. అట్లు పుట్టిన కణములలో కొన్ని నాడీకణములుగ మారి నిలిచెను. అణగియున్న మడి నీరు తగులగనే మొలకెత్తినట్లు మెదడు తన పనిని తిరిగి మొదలిడినది. ఎలుకలో జరిగినదంతయు మానవునిలో అట్లే జరుగునని చెప్పరాదు. లేతవయస్సు కోతులలో లోటు నిలిచిపోయిన సంగతియు మరువరాదు. కాని మద్యము మానిన మానవులలో సైతము మాసములు గడచినకొలది జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి చాలవరకు మెరుగుపడుట వైద్యులు నిత్యము చూచుచున్నదే. "పోయినవాడు" అను తీర్పు ఇచ్చుటకు శాస్త్రమున ఆధారము లేదు.

ధర్మమునను లేదు. బసవేశ్వరుడు అంతరంగ బహిరంగ శుద్ధికి చెప్పిన నియమములలో దొంగతనము, హింస, అసత్యము విడుచుటతోపాటు ఇతరుల యెడ అసహ్యము విడుచుటయు కలదు. కల్లు అమ్ముట వృత్తిగా గల మారయ్యను, కన్నడమున హెండద మారయ్యగా ప్రసిద్ధుడైనవానిని, శరణులు తమలో ఒకనిగ లెక్కించిరి. అతడు వచనములు రచించెను. కల్లు పేరు ఆయన పేరుతో ఈనాటికిని నిలిచియున్నది. ఆ పేరును చెరపివేయవలెనని శరణులకు తోచలేదు. మత్తును త్యజించుట వేరు, మనిషిని త్యజించుట వేరు. మొదటిది శివాచారము, రెండవది దానికి విరోధము.

త్రాగువాని సంకల్పము బలహీనమైనపుడు సంకల్పమును అరువిచ్చువారు కావలెను. సత్సంగమునకు ఇంతకంటె గొప్ప ప్రయోజనము లేదు. అట్టి సహాయములో మొదటిది వైద్యము. చిరకాలము విస్తారముగ త్రాగినవాడు ఒక్కసారిగ మానినచో వణుకు, మూర్ఛ, మతిభ్రమణము కలిగి ప్రాణాపాయము కూడ సంభవింపవచ్చును. కావున "నేటినుండి మానుము" అని లింగముపై ప్రమాణము చేయించి ఇంటికి పంపుట చాలదు. వైద్యుని యొద్దకు తోడుపోవలెను. మానుటకు సహాయపడు మందులు, లోపించిన థయామిన్‌ను నింపు చికిత్స నేడు లభించుచున్నవి. మందు పుచ్చుకొనుట భక్తిలోపము కాదు.

రెండవది కాయకము. చక్రములో తమంతట పరుగెత్తు ఎలుకలలో క్రొత్త నాడీకణములు అధికముగ పుట్టునని 1999లో గేజ్ బృందము చూపెను. క్రొత్త విషయములు నేర్చుకొన్న ఎలుకలలో లేతకణములు ఎక్కువగ బ్రతికెనని అదే సంవత్సరము మరియొక పరిశోధన తెలిపెను. 2011లో అమెరికాలో 120 మంది వృద్ధులపై జరిగిన పరిశీలనలో, ఒక సంవత్సరము పాటు క్రమముగ నడచినవారి హిప్పోకాంపస్ పరిమాణము సుమారు 2 శాతము పెరిగెను. పరిమాణము పెరిగినంతమాత్రమున క్రొత్త కణములు పుట్టినవని తేలదు. అయినను శరీరశ్రమ మెదడునకు హితమనుట స్పష్టము. మద్యము మానినవానికి ఖాళీ సాయంకాలమే శత్రువు. ఆ సాయంకాలమున అతని చేతికి ఒక పనియు, అతని నోటికి ఒక వచనమును, అతని ప్రక్కన ఒక మనిషియు నుండునట్లు చూచుట సంఘము చేయదగిన దాసోహము.

తెలుగునాట ఇట్టి సంఘబలము ఒకసారి ప్రత్యక్షముగ కనబడినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమున అక్షరాస్యతా కేంద్రమున చదువుకొనుచున్న పేద స్త్రీలు సారా దుకాణముపై తిరుగబడిరి. ఆ ఉద్యమము జిల్లాలు దాటి వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. చట్టము వచ్చినది, పోయినది. కాని ఒక సంగతి నిలిచియున్నది. ఆ స్త్రీలకు హిప్పోకాంపస్ అను పేరు తెలియదు. అయినను పలకపై అక్షరములు దిద్దుటకు కూర్చున్నచోటనే వారికి మత్తుపై ఎదురుతిరుగు బుద్ధి పుట్టినది. నేర్చుకొనుట ఒకవైపు, మత్తు మరియొకవైపు నిలిచినవి. ఆ రెండును ఒక ఇంట కాపురముండజాలవని వారు ఏ ప్రయోగశాల చెప్పకముందే గ్రహించిరి.

మొదటి ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. పుట్టనిదానిని పోగొట్టుకొనుట నష్టమే. కనబడు నష్టముకంటె అది గొప్పది; ఏలయన దానికై ఏడ్చువారు లేరు. తెలియని నష్టమునకు తెలియనంతకాలము బాధ్యత స్వల్పము. తెలిసిన పిదప, త్రాగువాని బాధ్యత ఎంతో, అతనిని చూచి ముఖము త్రిప్పుకొనువాని బాధ్యతయు అంతే. నిత్యము కదలుచు, నిత్యము మొలకెత్తుచు నుండు దేహాలయమును శివుడు మానవునకు అప్పగించెను. దాని గర్భగుడిలో దీపము వెలుగుచున్నంతవరకు ఏ మనిషియు పాడుబడిన గుడి కాడు.